అమ్మ భయం నన్ను కాపాడింది

పోయిన వేసవిలో ఛాతీలో మంటగా ఉందంటే అమ్మను ఎర్రమంచి నుంచి పెనుకొండ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ వైర్లు చూడగానే అమ్మ వెనక్కి తగ్గింది.

"కరెంటు కొడతాదిరా, నేను పండుకోను."

"ఏం కాదులేమా, చూడు" అంటూ ముందు నేనే చొక్కా విప్పి పడుకున్నాను. నర్సమ్మ నవ్వుతూ నాకు వైర్లు తగిలించింది. అక్కడ తీసిన ఈసీజీ వెంటనే కంప్యూటర్లో హిందూపురంలోని గుండె డాక్టరుకు వెళ్తుంది.

నేను లేచి చొక్కా తొడుక్కుంటుంటే డాక్టరు ఫోన్ చేశారు. నర్సమ్మ నవ్వు ఆగిపోయింది.

"అన్నా, నడవద్దు. పండుకో. నీ గుండెకే దెబ్బ తగిలిండాదంట."

నాకు చిన్న నొప్పి కూడా లేదు! పెద్దాసుపత్రికి వెళ్లే అంబులెన్సులో నాకు తోడుగా అమ్మ కూర్చుంది. రక్తనాళం మూసుకుపోయిందని ఆ రోజే స్టెంట్ వేశారు. అమ్మది వట్టి గ్యాసే.

ఆమె భయపడకుండా పడుకుని ఉంటే, నేను నవ్వుకుంటూ ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి. ఆ తర్వాత సంగతి తలచుకుంటే ఇప్పటికీ వణుకే.