తెరేసమ్మ ఎత్తిన బంతులు

మూడేళ్లు మా కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడింది తెరేసమ్మ. తన చేత్తో కొట్టి తెచ్చిన పాయింట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మూడేళ్లలో కాలేజీకి కప్పు కూడా రాలేదు. అయినా ఆ రోజుల్లో బెజవాడలో ఆడపిల్లల వాలీబాల్ చూసినవాళ్లు ఎక్కడ కలిసినా ముందు ఆమె మాటే ఎత్తుతారు. నేను అదే జట్టులో ఉండేదాన్ని. ఆడిందానికంటే బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. బెంచీ మీద నుంచి ఆట బాగా కనపడుతుంది కాబట్టి, నేను చూసింది చెబుతాను.

తెరేసమ్మ 1972లో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. వాళ్ల నాన్న మరియదాసు గారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. సొంతూరు మైలవరం దగ్గర. పని కోసం వచ్చి భవానీపురంలో ఒక చిన్న వాటాలో కాపురం పెట్టారు. తెరేసమ్మ పొడగరి, మాట తక్కువ. హైస్కూల్లో ఉండగా స్మాషరుగా పేరు తెచ్చుకుంది. నెట్ దగ్గర ఎగిరి బంతిని అవతలి కోర్టులోకి బాదే మనిషే స్మాషరు. చప్పట్లన్నీ ఆ మనిషికే. ఆ బంతిని అందుకు వీలుగా పైకెత్తి ఇచ్చే మనిషిని మేం లిఫ్టరు అనేవాళ్లం. ఆ పనికి ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కాదు.

ఆ ఏడే గుడివాడ వైపు నుంచి రామతులసి అనే అమ్మాయి వచ్చింది. రైతుల బిడ్డ. చెయ్యి గట్టిది. తగిలితే బంతి నేలకి కొట్టుకుని తలెత్తు లేచేది. తగలడమే కష్టంగా ఉండేది. నెలరోజులు చూసి, మాకు ఆటలు నేర్పే పీడీ సంజీవరావు గారు, అమ్మాయికి బలం ఉంది గానీ అదును తెలియడం లేదని, జట్టులోంచి తీసేద్దామనుకున్నారు. తెరేసమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, లోపం రామతులసిది కాదనీ బంతి ఎత్తుతున్న తీరుదనీ, ఓ వారం తనని ఎత్తనివ్వమనీ అడిగింది. ఆయన సరేనన్నారు. వారం తిరిగేసరికి రామతులసి కొట్టే దెబ్బలకి ఎదురు నిలబడటానికి మేమే భయపడ్డాం.

"ఇక నీ చోటుకి నువ్వు వెళ్తావా?" అని సంజీవరావు గారు అడిగారు.

"ఇక్కడే ఉంటాను సార్. ఇక్కణ్ణుంచి కోర్టంతా కనపడుతోంది," అంది తెరేసమ్మ.

అంత పేరున్న స్మాషరు లిఫ్టరుగా మారిపోవడం మాకు వింతగా తోచింది. ఆమెకి అలా తోచినట్టు లేదు. మరియదాసు గారు షెడ్డులో మిగిలిన ఇనప కమ్మీ వంచి ఓ చక్రం చేసి, ఇంటి వెనక గోడకి ఎత్తుగా బిగించారు. కాలేజీ నుంచి వెళ్లాక దీపాలు పెట్టేదాకా అందులోంచి బంతి వేస్తూ ఉండేది. గోడకి తగిలిన ప్రతిసారీ పక్కవాటా వాళ్లు విసుక్కునేవాళ్లు. కొన్నాళ్లకి బంతి గోడకి తగలడం తగ్గింది, వాళ్ల విసుగూ తగ్గింది.

వేళ్ల ఒడుపు ఒక్కటే అయితే అంతగా చెప్పుకోనవసరం లేదు. ఎవరికి ఏ ఎత్తులో బంతి కావాలో ఆమెకి తెలుసు. రామతులసికి నెట్‌కి మూరెడు దూరంలో ఎత్తుగా కావాలి. రావమ్మ అని మాకంటే ఒక క్లాసు కింద, కంకిపాడు నుంచి వచ్చే సన్నటి పిల్ల ఉండేది. ఆ పిల్లకి పొట్టిగా, చురుగ్గా కావాలి. మా వాళ్లలో ఎవరికి ఆ రోజు కడుపులో నొప్పిగా ఉందో, ఎవరు ఇంట్లో తగువు పడి వచ్చారో మొహం చూసి పట్టేసేది. అలాంటి రోజున ఆ మనిషికి బంతులు తగ్గించేది. తగ్గించినట్టు ఎవరికీ తెలిసేది కాదు.

ఆడపిల్లల్ని వేరే ఊరికి ఆటలకి పంపాలంటే వెంట ఒక లేడీ లెక్చరరు వెళ్లాలని మా కాలేజీ నియమం. ఆ పని ఎవరూ ఒప్పుకోక చివరికి స్టాటిస్టిక్స్ చెప్పే ఎలిజబెత్ గారి మీద పడింది. ఆవిడకి ఆట తెలీదు. మొదటిసారి ఏలూరు వెళ్లినప్పుడు గొడుగు వేసుకుని కూర్చుని, మన జట్టుని గెలిపిస్తున్నది ఎవరని నన్ను అడిగారు. రామతులసి అని చెప్పాను. ఎవరైనా అదే చెప్పేవాళ్లు.

ఊరికే కూర్చోలేక ఆవిడ రామతులసి కొట్టిన బంతుల్లో ఎన్ని అవతల నేలని తాకాయో గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండో ఏడాది తెరేసమ్మకి టైఫాయిడ్ వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. ఇంకో అమ్మాయి బంతి ఎత్తింది. రామతులసి ఎప్పటిలాగే ఎగిరింది, ఎప్పటిలాగే కొట్టింది. మామూలుగా పదింటికి ఆరు పడేవి, ఆ రెండు మ్యాచ్‌ల్లో మూడే పడ్డాయి. ఎలిజబెత్ గారు తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని, "నువ్వు నాకు తప్పు చెప్పావమ్మా," అన్నారు. కోపంగా అనలేదు. కొత్త సంగతి తెలిసిన మనిషిలా అన్నారు.

ఆ తర్వాత ఆవిడ మాతో రాని మ్యాచ్ లేదు. ఎవరు ఎత్తారు, ఎవరు కొట్టారు, ఎదురుగా అడ్డుకోవడానికి ఎంతమంది ఎగిరారు, బంతి ఎక్కడ పడింది అన్నీ రాసేవారు. మా స్కోరు మాత్రం అడిగితే గానీ తెలిసేది కాదు ఆవిడకి.

ఆ ఏడాది ఫైనల్లో ఓడిపోయాం. మూడో ఏడాది, 1974 చివర్లో, గుంటూరులో మళ్లీ ఫైనల్ చేరాం. ఐదో గేము దాకా వెళ్లింది. అవతలి వాళ్లకి పద్నాలుగు, మాకు పదమూడు. సర్వీసు వాళ్లది. ఆ బంతి పోతే ఆట అయిపోయినట్టే.

సర్వీసు బాగానే అందుకున్నారు మా వాళ్లు. బంతి తెరేసమ్మ తల మీదికి వచ్చింది. ఎడమవైపు రామతులసి పరుగు అందుకుంది. అవతల పొడుగాటి పిల్లలిద్దరూ ఆమెకి ఎదురుగా చేతులెత్తి లేచారు. గ్రౌండు చుట్టూ ఉన్న జనమంతా రామతులసినే చూస్తున్నారు. తెరేసమ్మ నడుము వెనక్కి వంచి, చూడకుండానే బంతిని వీపు వెనక్కి, రావమ్మ వైపు పంపింది. రావమ్మ ముందు ఎవరూ లేరు. కోర్టంతా ఖాళీ. రావమ్మ ఎగిరి కొట్టింది. బంతి నెట్ పైపట్టీకి తగిలి మా వైపే పడింది.

తిరుగు రైలెక్కాం. రావమ్మ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. మంగళగిరి దాటాక రామతులసి ఒక్క మాట అడిగింది.

"నాకెందుకు ఇవ్వలేదు?"

"నీ ముందు ఇద్దరున్నారు. తన ముందు ఎవరూ లేరు," అంది తెరేసమ్మ.

రామతులసి లేచి వెళ్లి ఇంకో చోట కూర్చుంది.

కాలేజీలో ఆ కబురు రకరకాలుగా పాకింది. కప్పు తెరేసమ్మే పోగొట్టిందన్నారు. రామతులసికి వస్తున్న పేరు చూసి ఓర్చుకోలేక కావాలనే ఇవ్వలేదని కూడా క్యాంటీన్లో అన్నారు. ఆ మాట ఆమె చెవినా పడింది. ఆ వారమంతా ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే తిరిగి తీసుకెళ్లడం నేను చూశాను. రావమ్మ గ్రౌండుకి రావడమే మానేసింది.

తర్వాత నెలలో యూనివర్సిటీ జట్టుని ఎంపిక చేశారు. రామతులసి పేరు ఉంది, తెరేసమ్మ పేరు లేదు. సంజీవరావు గారు వెళ్లి అడిగారు. మూడేళ్లలో ఒక కప్పు లేదు, అసలు సమయంలో బంతి ఎవరికివ్వాలో తెలీలేదు, ఇంకేం చూడాలని అక్కడి పెద్దలు అన్నారట.

ఎలిజబెత్ గారికి ఇది తెలిసి తెరేసమ్మని స్టాఫ్ రూమ్‌కి పిలిపించారు. తోడుగా నేనూ వెళ్లాను. ఆవిడ ఒక కాగితం బల్ల మీద పరిచారు. ఇద్దరు అడ్డుపడ్డప్పుడు రామతులసి కొట్టినవి పదింటికి నాలుగే నేలని తాకాయి. ఎవరూ అడ్డు లేనప్పుడు రావమ్మ కొట్టినవి పదింటికి ఏడు తాకాయి. రెండేళ్ల ఆటల్లోంచి తీసిన లెక్క అది.

"మళ్లీ అదే బంతి వస్తే ఎవరికిస్తావు?" అన్నారు ఆవిడ.

తెరేసమ్మ కాగితం చూడలేదు. "రావమ్మకే మేడమ్."

"మరి నువ్వు చేసింది తప్పు కాదు. పదింటిలో మూడు పోయేవే. పోయే ఆ మూడింటిలో ఒకటి ఆ రోజు వచ్చింది. ఆట ఫలితం వేరు, నీ నిర్ణయం వేరు."

తెరేసమ్మ కళ్లు తుడుచుకుని అంది. "ఈ మాట నాకంటే రావమ్మకి కావాలి మేడమ్. కొట్టకూడని బంతి కొట్టానని అనుకుంటోంది. తనకి చెప్పండి."

తన పేరు జట్టులో లేకుండా పోయిన వారంలో ఆమె అన్న మాట ఇది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎలిజబెత్ గారు రావమ్మని పిలిచి గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. మర్నాడు సాయంత్రం రావమ్మ గ్రౌండుకి వచ్చింది. తెరేసమ్మ బంతి తీసుకుని, గుంటూరులో ఇచ్చినట్టే, వీపు వెనక్కి ఎత్తి ఇచ్చింది. రావమ్మ కొట్టింది. మళ్లీ ఇచ్చింది. చీకటి పడేదాకా అదే బంతి. తను ఇక ఆడబోయే మ్యాచ్ ఒక్కటి కూడా లేదని అప్పటికే ఆమెకి తెలుసు.

ఆ లెక్కలన్నీ 1975 కాలేజీ మ్యాగజైన్‌లో ఎలిజబెత్ గారు వ్యాసంగా వేశారు. కథలూ కవితల మధ్య ఆ పట్టికల్ని చదివింది కొద్దిమందే. సంజీవరావు గారు ఒక కాపీ యూనివర్సిటీ వాళ్లకి పంపారు. జవాబు రాలేదు.

రామతులసి యూనివర్సిటీ జట్టుతో పోటీలకి ఉత్తరాదికి వెళ్లి వచ్చింది. బెజవాడలో రైలు దిగి, హాస్టలుకి కూడా వెళ్లకుండా, పెట్టెతో సహా రిక్షాలో భవానీపురం వెళ్లింది. ఆ రోజు తెరేసమ్మ వాళ్లమ్మ సంపూర్ణమ్మ గారు బియ్యం కడుగుతున్నారట. అన్నం తిని వెళ్లమన్నారు. తింటూ ఉండగా రామతులసి చెప్పిందట.

"అక్కడి లిఫ్టరు మంచిదే తెరేసా. నేను కొట్టలేని బంతి ఏదో తనకి తెలీదు, అంతే. నీకు తెలుసు కాబట్టి అలాంటిది నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. గుంటూరులోనూ అందుకే ఇవ్వలేదు."

మరుసటి ఏడాది మా కాలేజీ కప్పు గెలిచింది. రావమ్మే కెప్టెను. తెరేసమ్మ వెళ్లిపోయాకే గెలిచారు చూశారా అని కొందరన్నారు. ఆ మాట ఎలిజబెత్ గారి దగ్గర అంటే ఆవిడ నవ్వి, ఆ రోజు కోర్టులో ఉన్న ఆరుగురిలో నలుగురు ఎవరి బంతులతో ఆట నేర్చుకున్నారో అడిగి రమ్మన్నారు. అది ఏ పట్టికలో వెయ్యాలో మాత్రం తనకీ తెలీదని ఒప్పుకున్నారు.

తెరేసమ్మ వ్యాయామ విద్యలో శిక్షణ పూర్తి చేసి, 1977లో మైలవరం దగ్గర ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరింది. రైల్వేలో పనిచేసే అంతోనిని పెళ్లి చేసుకుంది. స్కూల్లో నెట్ లేకపోతే చేపల వల కొనిపించి కట్టింది. ఆమె పిల్లలు మొదటి ఏడు జోన్‌లోనే ఓడారు. రెండో ఏడు జిల్లా ఫైనల్లో ఓడారు. మూడో ఏడు, 1979లో, బందరులో జిల్లా ఫైనల్ జరిగిన రోజుకి ఆమె కాన్పుకని బెజవాడ ఆసుపత్రిలో ఉంది. ఆడపిల్ల పుట్టింది.

నేను చూడటానికి వెళ్లిన మధ్యాహ్నమే ఆ పిల్లలు బందరు నుంచి బస్సు దిగి, చెమట బట్టలతో కప్పు పట్టుకుని వచ్చారు. ఆయా అందర్నీ వార్డులోకి రానివ్వనంది. ఇద్దరు లోపలికి వచ్చారు, మిగతావాళ్లు కిటికీ దగ్గర నిలబడ్డారు. తెరేసమ్మ ముందు ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగింది. కప్పుని ఓసారి చేత్తో తడిమి బీరువా మీద పెట్టమంది. దిండు వీపుకి ఆనించుకుని, చంటిపిల్లని ఒళ్లోకి తీసుకుని, "ఆఖరి గేము మొదటి బంతి నుంచి చెప్పండి. ఎవరు ఎత్తారు, ఎవరు కొట్టారు, ఏదీ వదలకండి," అంది.

కిటికీ బయటివాళ్లూ లోపలివాళ్లూ ఒకేసారి మొదలుపెట్టారు.