రెండు కళ్లూ ఉన్న తల్లిరొయ్య

తిరుపతిలో మా అమ్మాయికి రొయ్యల చదువు చెప్పిన మేడమ్ పోయిన వారం చనిపోయారు. "నాయనా, మా మేడమ్ లేరు" అని అమ్మాయి ఫోన్లో ఏడుస్తుంటే, సత్యవేడులో నా గాజుల కొట్టు తెరవబోయి మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆ మేడమ్ మా కొట్టుకు ఎప్పుడొచ్చినా పెట్టెలన్నీ దించించి, చివరికి రెండే రెండు మట్టిగాజులు కొనేవారు.

"డజను తీసుకోండమ్మా" అంటే, "ఉండేది రెండు చేతులే కదన్నా!" అని నవ్వేవారు.

నేను పెద్దగా చదువుకోలేదు. అయినా ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "గుడ్లు పెట్టాలంటే రొయ్యకు కన్ను తీసేసేదేందమ్మా? పాపం కాదా?"

"రొయ్య కంటికాడలో ఒక రసం ఊరతాదన్నా. 'గుడ్లు ఇప్పుడే వద్దు, ఆగు' అంటా ఉంటాది. ఆ పోరు పడలేకే, రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలోళ్లు ఒక కన్ను తీసేస్తారు. అడ్డం చెప్పే అత్త ఉండాదని ఇల్లే పడగొడతామా? అత్తను జోకొట్టి నిద్రపుచ్చితే చాలదా?"

అలా నిద్రపుచ్చే సూదిమందు కోసమే ఆమె ఏళ్లతరబడి పాటుపడ్డారు. మా అమ్మాయి పనిచేసే హేచరీ యజమాని పరీక్షకు ఒక తొట్టి ఇచ్చాడు. సూది వేశారు. రోజులు గడిచినా రొయ్యలు ఉలకలేదు, పలకలేదు.

"కన్ను తీసేసుంటే ఈపాటికి గుడ్లు కళ్లజూసేవాళ్లం. ఈ వారం సూస్తాను. అంతే, ఆ తర్వాత తొట్టి ఖాళీ చేయమ్మా" అన్నాడాయన.

అప్పటికే మేడమ్ మంచం పట్టారు. "వెలుతురు తగ్గించు, మేత పెంచు. తల్లిని తొందరపెట్టొద్దు" అని అక్కడినుంచే చెప్పారు.

మేడమ్ పోయే ముందురోజు అమ్మాయి ఆమెకు ఫోన్లో తొట్టిని చూపించింది. ఒక రొయ్య వీపు మీద, గుడ్లు పండాయని చెప్పే గీత నిండుగా, చిక్కగా కనిపించిందట.

"కళ్లు చూపించు పాపా. రెండూ ఉండాయా?"

"రెండూ ఉండాయి మేడమ్."

"అయితే ఇంక నిద్రపోతాను" అన్నారట.

ఆ రొయ్య గుడ్లు పెట్టింది. పిల్లలూ లేచాయి! చనిపోయినవారి గురించి రాస్తూ ఈ ముసలాయనకు ఇంత సంబరమేమిటని అనుకోకండి. నేను బస్సెక్కి పోయి కళ్లారా చూసి వచ్చాను. ఆ చీకటిగదిలో యజమాని కూడా నా పక్కనే వంగి చూస్తున్నాడు. అమ్మాయి తొట్టికి ఒక మూల దీపం పట్టింది. ధూళికంటే సన్నటి పిల్లలు అన్నీ ఆ వెలుగు దగ్గరికి వచ్చి మూగాయి. దీపాన్ని మెల్లగా ఇటువైపు జరిపింది. నీళ్లలో ఆ మబ్బంతా కదిలి, మా వైపు రాసాగింది.