రంగులు మార్చే ప్రోగ్రాం

కాలేజీ డిబేట్‌లో మాకు మొదట నేర్పిన సూత్రం ఒక్కటే: ఆరోపించినవాడే రుజువు చూపాలి. దాన్ని నేను లెక్చరర్ల మీదా, పాస్టరుగారి మీదా, చివరికి మా అమ్మ మీదా ప్రయోగించి అందరి చేతా తిట్లు తిన్నాను. ఆ సూత్రానికి బొత్తిగా లొంగని ప్రత్యర్థి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రూపంలో ఎదురవుతుందని మాత్రం అనుకోలేదు.

భిలాయి కొత్తగా ఏర్పడిన రాష్ట్రంలోకి వచ్చిన రోజులవి. ఊళ్లో సగం స్కూటర్ల నంబర్‌ప్లేట్ల మీద ఇంకా పాత రాష్ట్రం అక్షరాలే ఉండేవి. ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో మా క్వార్టరుకి దగ్గర్లో ఉన్న ఇంటర్నెట్ కేఫ్‌లో మేం జట్లు కట్టి తుపాకుల ఆట ఆడేవాళ్లం. మా జట్టు నాయకుడు మా అన్నయ్య, పెదనాన్న కొడుకు. ఐటిఐ పూర్తిచేసి, ప్లాంటులో క్రేన్ ఆపరేటర్ శిక్షణకి దరఖాస్తు పెట్టి, మెడికల్ పరీక్ష పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. పెదనాన్నదీ అదే పని. ప్లాంటులో షాపు అని పిలిచే పెద్ద షెడ్డు కప్పు కింద వేలాడే చిన్న గదిలో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన పాత్రలని ఒకచోటినుంచి మరొకచోటికి చేర్చేవాడు. తాను రిటైరై దిగేలోపు కొడుకు ఆ గది ఎక్కాలన్నది ఆయన కోరిక. వాళ్లింట్లో వేరే కోరిక వినబడేది కాదు.

ఆ ఏడాది సెక్టర్ 4లోని ఒక సంఘం హాల్లో సెక్టర్ల మధ్య పోటీ పెట్టారు. నిర్వాహకుడు ప్లాంటు ఎలక్ట్రికల్ విభాగంలో ఇంజినీరు, తెలుగాయన. ముందటేడు ఎవరో గోడల అవతల దాక్కున్నవాళ్లు కూడా కనబడే దొంగ ప్రోగ్రాం వాడారని గొడవ జరగడంతో, ఈసారి ఆయన ప్రతి కంప్యూటర్లోనూ ఒక కాపలా ప్రోగ్రాం పెట్టించాడు. ఆట తెరుచుకోకముందే అది లేచి కూర్చుంటుంది. మెషీన్లో ఇంకా ఏమేం నడుస్తున్నాయో సోదా చేస్తుంది. తెరని మధ్యమధ్య ఫొటో తీస్తుంది. ఆ ఉదయం వెనకాల పాటలు మోగిస్తున్నాడని ఒకడినీ, మౌసుతో పాటు సీడీలో వచ్చిన ప్రోగ్రాం వల్ల ఇంకొకడినీ ఆపింది. అవి మూసేశాక రానిచ్చింది. అన్నయ్య విషయంలో ఆ దయ కూడా చూపలేదు. ప్రాక్టీసు రౌండు మధ్యలో తెర మీద ఒకే వాక్యం పడింది: నిషేధించిన ప్రోగ్రాం దొరికింది, ఈ ఆటగాడికి ప్రవేశం లేదు.

"అరే చీటర్, పక్డా గయా!" దొంగ దొరికాడని అరిచాడు సెక్టర్ 7 జట్టు నాయకుడు. హాలంతా నవ్వింది.

నేను ఇంజినీరుగారి దగ్గరికి వెళ్లాను. "ఏ ప్రోగ్రాం దొరికింది సార్? అది ఏం చేస్తుందని నేరం?"

"అది చెప్పదు బాబూ. ఏం వెతుకుతోందో బయటపెడితే, దొంగలు దాన్ని దాచడం నేర్చుకుంటారు కదా."

ఆ మాటలో తర్కం ఉంది. తర్కం ఉండటమే నాకు మరింత అనుమానం కలిగించింది. రుజువు చూపించకపోవడానికి కూడా మంచి కారణం ఉన్న న్యాయమూర్తిని ఎవరు ప్రశ్నించగలరు? పైగా మన మెషీన్లో అన్నిటినీ చూసే ఆ కాపలావాడు ఇంకేం చూస్తున్నాడో, ఎవరికి చెబుతున్నాడో మనకెలా తెలుస్తుంది? ఇదంతా అడిగాను. ఆయన ఓపికగా విని, తెర ఫొటో ఒకటి తీసి చూపించాడు. అందులో ప్రత్యర్థులందరూ చిక్కటి పసుపు రంగులో, పసుపుకొమ్ముల్లా మెరుస్తున్నారు.

"మామూలుగా వాళ్లు ముదురు ఎరుపులో ఉంటారు. మనవాళ్లు ఆకుపచ్చలో ఉంటారు. రేపు పొద్దున్న వివరణ ఇవ్వండి. కారణం సబబుగా ఉంటే చూద్దాం," అన్నాడాయన.

నా అనుమానం అక్కడితో అన్నయ్య వైపు తిరిగింది.

ఆ సాయంత్రం సెక్టర్ 2 కేఫ్‌కి వెళ్లి, అన్నయ్య వాడే మెషీన్లో వెతికితే దొరికిన, రంగులు మార్చే ప్రోగ్రాం నడిపి ఆడి చూశాను. అక్కడ కాపలా ప్రోగ్రాం లేదు. ఆట మరీ సులువైపోయింది. నీడల్లో దాక్కున్నవాడు కూడా దీపంలా కనబడుతున్నాడు. ఎప్పుడూ జట్టులో ఆఖరివాడినైన నేను మొదటివాడినయ్యాను. ఇక అంతకుముందు కొన్ని రోజులుగా అన్నయ్య వరండాలో పచార్లు చేస్తూ గొణుక్కుంటున్న అంకెలు గుర్తొచ్చాయి. ఎక్కం కాదు, ఫోన్ నంబరు కాదు. నేను దగ్గరికి వస్తే ఆపేసేవాడు. అవి కూడా ఏవో దొంగ కోడ్‌లే అనుకున్నాను.

కేఫ్ పక్క టీ బండి దగ్గర నిలదీశాను. "నేను నీ తరఫున వాదించాలంటే నిజం తెలియాలి. ఆ ప్రోగ్రాంతో ఆడాను. అది మోసమే అన్నయ్యా."

"నీకు సులువైంది. నాకు సరిపోయింది," అన్నాడు.

"అంటే?"

"అంటే ఏటి? వాళ్లూ మీరూ నాకు ఒక్కలాగే కనబడతార్రా. ఎరుపేటో, పచ్చేటో నాకు తెలీదు. మొదట్లో నిన్ను ఎన్నిసార్లు కాల్చీసాను? నువ్వు నా మీద అలిగీసి ఇంటికెళ్లిపోలేదేటి?"

నిజమే. కావాలనే నన్ను ఏడిపిస్తున్నాడనుకుని అప్పట్లో జట్టు మానేయబోయాను.

"మరి ఆ అంకెలు?"

టీ గ్లాసు బండి మీద పెట్టి అటూ ఇటూ చూశాడు. "మెడికల్‌లో రంగు చుక్కల బొమ్మలు చూపిస్తారు. చుక్కల మధ్యలో అంకె ఉంటాది. అందరికీ కనబడతాదంట, నాకు కనబడదు. మెడికల్‌కి ఎల్లొచ్చినోళ్లు వరసలో సెప్పీసారు, మొదటి బొమ్మకి ఏది, రెండోదానికి ఏది అని. ఇక్కడ మామూలే, నువ్వేటీ అలా సూడకు."

మామూలే అన్నది అబద్ధం కాదు. మా కాలనీలో ఇంటర్వ్యూ ప్రశ్నలూ, మెడికల్ జవాబులూ ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి ఊరగాయ జాడీలా చేతులు మారేవి. దాన్ని ఎవరూ మోసమనేవారు కాదు, సాయమనేవారు.

"రేపు కారణం చెబితే ఆటలో నీ పేరు నిలబడుతుంది," అన్నాను.

"సెప్తే క్రేన్ పోతాది. అక్కడున్నోళ్లందరూ ప్లాంటు మనుషులే. ఆ ఇంజినీరుతో సహా."

"ఆటలో నువ్వు దొంగవి కాదు అన్నయ్యా. మెడికల్‌లో అవుతావు."

"నీకేంరా, నీకు డిబేటుంది. ఓడిపోతే సేతులు దులుపుకుని వచ్చీస్తావు. నాకీ క్రేను తప్ప ఏటుంది?" అని లేచి వెళ్లిపోయాడు.

రాత్రంతా రెండు పక్షాలా వాదించుకున్నాను. అతను చెయ్యని మోసానికి శిక్ష పడుతోంది. చెయ్యబోయే మోసానికి అందరూ సాయం చేస్తున్నారు. మొదటిదాన్ని ఖండించాలంటే రెండోదాన్ని బయటపెట్టాలి. నాకు ఏ పక్షం మీదా నమ్మకం కుదరలేదు.

పొద్దున్న హాల్లో లేచి నిలబడ్డాను. ఆ ప్రోగ్రాం గోడల వెనక మనుషుల్ని చూపదనీ, గురిపెట్టడంలో సాయం చెయ్యదనీ, తెర మీద అప్పటికే ఉన్న రంగుని మాత్రమే మారుస్తుందనీ వివరించాను. కాపలా ప్రోగ్రాం ఆటగాడు వాడిన వస్తువుని చూస్తుందే తప్ప, ఎందుకు వాడాడని అడగదన్నాను. ఎందుకన్నది తెలియకుండా మోసమని తేల్చడం న్యాయం కాదన్నాను.

"సరే, అదే అడుగుతున్నాను," అన్నాడు ఇంజినీరుగారు. "ఎందుకు?"

"ఆ కారణం నాకు తెలుసు సార్. చెప్పే హక్కు నాది కాదు."

సెక్టర్ 7 నాయకుడు పగలబడి నవ్వాడు. "వకీల్ సాబ్‌కి కూడా జవాబు లేదు! వాడు పెట్టుకున్న రంగుల కళ్లజోడు మాకూ ఇవ్వండి సార్, మేమూ ఛాంపియన్లమే!" వెనకనుంచి మళ్లీ చీటర్, చీటర్ అని చప్పట్లు మొదలయ్యాయి.

అన్నయ్య లేచాడు. అందరికీ అర్థమయ్యేలా హిందీలోనే అన్నాడు: "ముఝే లాల్ ఔర్ హరా అలగ్ నహీ దిఖ్తా." ఎరుపూ ఆకుపచ్చా నాకు వేరుగా కనబడవని.

చప్పట్లు ఆగిపోయాయి. సెక్టర్ 7 నాయకుడు కుర్చీలో కూర్చుని తన మౌస్ తీగని చుట్టడం మొదలుపెట్టాడు.

ఇంజినీరుగారు అన్నయ్య దగ్గరికి వచ్చి, తెలుగులో, తగ్గిన గొంతుతో అడిగాడు. "బాబూ, మీ నాన్నగారు ఏ షాపు?" అన్నయ్య చెప్పాడు. "నువ్వు కూడా అక్కడికే దరఖాస్తు పెట్టావా?"

"పెట్టాను సార్."

ఆ రెండు ప్రశ్నలూ ఆయన ఊరికే అడిగాడంటే నేను ఇప్పటికీ నమ్మను. తర్వాత అందరికీ వినబడేలా, ఈ కుర్రాడు మోసగాడు కాదని ప్రకటించాడు. ఇతనొక్కడి మెషీన్లో కాపలా తీసేస్తానన్నాడు. అలాగైతే మా అందరి మెషీన్లలోనూ తీసెయ్యండని సెక్టర్ 7 వాళ్లు పట్టుబట్టారు. అదీ సబబే. కాపలా ప్రోగ్రాంకి మాత్రం ఈ విచారణ గురించి ఏమీ తెలియదు. అన్నయ్య పేరు కొట్టిన ప్రతిసారీ అదే వాక్యం చూపించింది. మేం ఒక మనిషి తక్కువతో ఆడి ఓడిపోయాం.

మర్నాడు నేను వాళ్ల క్వార్టరుకి వెళ్లేసరికి మాట పెదనాన్నకి అప్పటికే చేరిపోయింది. ఎవరు చేర్చారో నేను అడిగాను గాని ఎవరూ చెప్పలేదు. ఆయన బనీనుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బుద్ధుందేట్రా నీకు? పిల్లలాట కోసం నోరు జారతావేటి?"

"నన్ను చీటరన్నారు నాన్నా."

"అంటే అననీ! అంకెలన్నీ వచ్చు కదా. ఎల్లి సెప్పీసిరా. ఆటలో అన్న మాట మెడికల్‌లో ఎవడు పట్టించుకుంటాడు?"

అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేనైతే అక్కడ మూడు వాదనలు పెట్టేవాణ్ని. అతను ఒక్కటే అడిగాడు. "పాత్ర నిండా కరిగిన లోహం పట్టుకుని నేను పైన ఉన్నాననుకో. కింద నువ్వున్నావనుకో. ఆపమని ఎర్ర లైటేసారు. నువ్వు అక్కడ నిలబడతావా?"

పెదనాన్న అన్నయ్య కళ్లలోకి చూశాడు. వాటిలో ఏదైనా తేడా కనబడుతుందేమోనని వెతుకుతున్నట్టు చూశాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నిలబడను," అన్నాడు.

కాసేపటికి లేచి కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకుంటూ, "రంగుల్తో పనిలేని ట్రేడేదైనా ఉందేమో అడిగొస్తాను," అన్నాడు.

ఎవరిని అడుగుతావు, ఏమని అడుగుతావు అని నేను నోరు తెరవబోయాను. అన్నయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. పెదనాన్న సైకిలు స్టాండు తీసి వీధిలోకి నడిపించాడు.