నాయన పట్టుకున్న బోర్డు

వేలూరు డాక్టరు ఇక మందులు దండగ అన్నట్టే మాట్లాడి, పెద్దాయన ఏది అడిగితే అది చేయమన్నాడు. నాయన కాశీ అడిగాడు, అదీ కారులో. రైలు ఎందుకు వద్దన్నాడో నాకు తెలుసు. దారిలో, కడప దాటాక ఎక్కడో, మా పూర్వీకుల ఊరుంది. వాళ్ళు ఇప్పుడు మేముంటున్న గుడియాత్తం వచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు గానీ, మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా మొదటి తాంబూలం ఆ ఊరి పేరు చెప్పి పక్కన పెడతారు. ఆ ఊరిని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. తాంబూలం తానే తీసుకెళ్ళి అక్కడి మట్టి మీద పెట్టాలని నాయన కోరిక.

తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. చిత్తూరు దాటినప్పటి నుంచి ఒకటే నస. "ఆ బోర్డులో ఏం రాసుండాదప్పా?"

ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చింది అరవం. ఇద్దరికీ తెలుగు అక్షరం ముక్క రాదు. ఇంగ్లీషు ఉన్న బోర్డులు చదివాను, లేనివి వదిలేశాను. ఫోనులో వెతికితే ఆ ఊరి పేరే దొరకలేదు.

మిట్టమధ్యాహ్నం కారు ఆపమన్నాడు. కాళ్ళు సాగదీసి, ఒక మట్టిరోడ్డు మొదట్లో ఉన్న బోర్డు కంబం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ముచ్చటేసి ఫొటో తీశాను.

"దీంట్లో ఏముండాదో ఎవుర్నైనా అడుగప్పా."

అక్కడ మనిషన్నవాడు లేడు. నాకు ఆకలి, విసుగు. "ఏదో ఎరువుల బోర్డు. ఎక్కు నాయనా, పొద్దు పోతా ఉండాది" అన్నాను.

"సరే, తిరిగొచ్చేటప్పుడు చూస్తాంలే" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన జ్వరంతో వెనక సీట్లో పడుకుని ఉన్నాడు. నేనెక్కడా ఆపలేదు. ఎండి నల్లబడిన ఆకుల్ని అమ్మ కరివేపాకు చెట్టు మొదట్లో పారేసింది. నెల తిరక్కుండానే నాయన పోయాడు. నవ్వుతున్న ఫొటో అదొక్కటేనని, దాన్నే పెద్దది చేయించి హాల్లో తగిలించాం.

ఆయన నస చెవుల్లోంచి పోలేదు. ఈ వయసులో పలక పట్టినట్టు తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న స్టూలెక్కి దండ మారుస్తూ, నాయన తల పక్కనున్న బోర్డును కూడబలుక్కుని చదివాను. మా పూర్వీకుల ఊరి పేరు. కింద బాణం గుర్తు, రెండు కిలోమీటర్లు.

దండ వేసి స్టూలు దిగాను. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ అక్షరాలు రావు.

"ఏమప్పా, కండ్లలో నీళ్ళు?" అని అమ్మ అడిగింది.

పూల పుప్పొడి పడిందన్నాను. నాయనతో ఎరువుల బోర్డు అన్నంత తేలిగ్గా.