జడను వదిలేసే యంత్రం

మీరు కొలతలక్కను కలిసి తీరాలి. నేను ఎంత చెప్పినా చాలదు, ఒక్కసారి వెళ్ళి చూడండి. పంపులు బాగుచేసే వర్క్‌షాపులో వెనక మూల, నీళ్ళు నింపిన పెద్ద ప్లాస్టిక్ తొట్టి పక్కన ఉంటుంది. చెవి మీద పెన్సిలు, మెడలో కొలిచే టేపు, అబ్బాయిల క్రాపులా కత్తిరించిన జుట్టు. ఎవరైనా "కొంచెం తగ్గించక్కా" అన్నారంటే అయిపోయారే. "కొంచెం అంటే ఎంత? కొలిచి చెప్పు" అంటుంది. అందుకే ఆ పేరు. ఆమె అసలు పేరు సొంత బాబాయికే వెంటనే గుర్తురాదని అక్కడ నవ్వుకుంటారు.

ఆ తొట్టిలో నీలం రంగుది ఒకటి ఎప్పుడూ పాకుతూ ఉంటుంది. పెద్ద తాబేలంత సైజు. స్విమ్మింగ్ పూల్ అడుగుభాగాన్ని తనంతట తానే శుభ్రం చేసే యంత్రం అది. దానికి సొంత మోటారు లేదు. పూల్‌కి ఉండే పంపు ఎలాగూ నీళ్ళు లాగుతుంది కదా, ఆ లాగుడుకే ఒక పొడవాటి గొట్టం తగిలించి, రెండో చివర దీన్ని పెడతారు. లోపలికి పోయే నీళ్ళు చిన్న చక్రాన్ని తిప్పుతాయి, చక్రం కాళ్ళను కదుపుతుంది. అది నడుస్తూ పొట్ట కింద ఉన్న నోటితో మట్టీ ఇసుకా మింగుతూ పోతుంది. చూస్తూ కూర్చుంటే పొద్దే తెలియదు.

ఆమెకు ఈ పిచ్చి పట్టడానికి కారణం వాళ్ళ నాన్న భుజం. ఆయన ముప్పై ఏళ్ళు పూల్స్ ఊడ్చాడు, పొడుగాటి కర్ర చివర బ్రష్ కట్టి. ఇప్పుడు కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవదు. చొక్కా తొడుక్కోవాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాలి. డిప్లొమా అయిన మర్నాడే ఆమె బాబాయి వర్క్‌షాపులో చేరింది. నాన్న ఒకటే మాట అన్నాడట: "మూలల్లో ఇసుక మిగిలితే అది యంత్రం కాదమ్మా, బొమ్మ."

ఇసుక మిగలకూడదంటే లాగుడు గట్టిగా ఉండాలి. లాగుడు గట్టిగా ఉంటే ఆ నోటికి అడ్డంపడిన దేన్నీ వదలదు. ఆకైనా, చెయ్యైనా, జడైనా. చిక్కంతా ఇక్కడే ఉంది. నీళ్ళ అడుగున జడ ఇరుక్కున్న మనిషి పైకి రాలేడు, అరవలేడు.

చెయ్యి ఇరుక్కుంటే ఏమవుతుందో ఆమె తన చేత్తోనే చూసుకుంది. జుట్టు సంగతి తేల్చాలి. ముందు బజారులో ఒక సవరం కొని తొట్టిలో వేసింది. నైలాను దారం, జర్రున జారిపోయింది. హమ్మయ్య అనుకుని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. నైలాను జారింది, నిజం జుట్టు జారుతుందా? ఆ సాయంత్రం కత్తెర తీసుకుని, నడుం దాటి ఉండే తన జడను మెడ దగ్గర కోసేసింది.

వాళ్ళమ్మ గుమ్మంలోనే కూలబడిందట.

"ఇరవై ఏళ్ళు నూనె రాసి పెంచానే! తొట్టిలో పారేశావా?"

"పారెయ్యలేదమ్మా. రోజుకి యాభైసార్లు వాడుతున్నా."

"నీ నెత్తిన ఉన్నప్పుడు వారానికోసారైనా దువ్వావా?"

యాభైసార్లు పెడితే యాభైసార్లూ పట్టుకుంది యంత్రం. తడి జడ లోపలికి పోయి ముడిపడి, చక్రానికి చుట్టుకుని, లాగితే తెగేదే తప్ప ఊడేది కాదు. ఆమెకు నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు యంత్రం పైభాగంలో, పిడి కింద, చిన్న కంత ఒకటి కోసి, దానికి స్ప్రింగు మూత పెట్టింది. నోరు మూసుకుపోగానే లోపల లాగుడు పెరుగుతుంది, ఆ లాగుడుకే మూత తెరుచుకుంటుంది, నీళ్ళు పైనుంచి వస్తాయి, కింద నోటి పట్టు సడలుతుంది. జడ చక్రందాకా పోకముందే, రెండు అంకెలు లెక్కపెట్టేలోపు, వదిలేస్తుంది. స్ప్రింగు మారుస్తూ, మారుస్తూ నెలన్నర పట్టింది. చివరికి యాభైకి యాభై వదిలింది.

కానీ మూత ఎంత బిగించినా కాస్త నీళ్ళు కారతాయి. ఆ మేరకు లాగుడు తగ్గింది. తొట్టి మూలలో పిడికెడు ఇసుక మిగిలింది.

"ఇదేం లెక్కమ్మా?" అన్నాడు బాబాయి. "ఇసుక తియ్యని యంత్రాన్ని ఎవడు కొంటాడు? అది తిరిగేటప్పుడు నీళ్ళల్లోకి ఎవరూ దిగకూడదని బోర్డు పెడదాం. సరిపోద్ది."

"బోర్డు ఎవరు చదువుతారు బాబాయ్?"

"కళ్ళున్నోళ్ళు."

"ఆరేళ్ళ పిల్లకి కళ్ళున్నాయి. చదువే ఇంకా రాలేదు."

బాబాయి చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. తొట్టి, పంపు, ప్లాస్టిక్కు, ఆమె చెడగొట్టిన పదిహేడు నమూనాలు, అన్నీ ఆయన పెట్టినవే, ఒక్కరోజు సణక్కుండా. ఇప్పుడొక అవకాశం వచ్చింది. ఊళ్ళో పేరున్న ఈత స్కూలు యంత్రాన్ని చూస్తామంది. వాళ్ళకి తొమ్మిది పూల్స్ ఉన్నాయి. నచ్చితే తొమ్మిదింటికీ ఇదే. నచ్చకపోతే వెనక మూల తొట్టి ఎత్తేసి మళ్ళీ పాత పంపులు విప్పుకోవడమే. ముందురోజు ఆయనే యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు, "తుడిచి మెరిపించి తెస్తా" అంటూ.

నేను ఆ స్కూల్లోనే పొద్దున్న ఈతకు వెళ్తాను. ఆ రోజు మా బ్యాచ్‌ను ముందే బయటికి పంపేశారు, గట్టు మీద మెట్ల వరసలో కూర్చుని చూశాను. కనుక ఇక్కడినుంచి కళ్ళారా చూసిందే.

యంత్రం దిగింది. అడుగున నల్లగా పేరుకున్న ఇసుక మీదుగా నడుస్తుంటే వెనకాల తెల్లటి దారి పడింది, చీపురుతో గీసినట్టు. ఈత మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు. "మూలకి పోతుందా?" అన్నాడు. పోయింది. మూలలో ఒక్క రవ్వ మిగల్లేదు.

కొలతలక్క మొహంలో సంతోషం లేదు. నాకప్పుడు అర్థంకాలేదు. మూలలో ఇసుక మిగలాలి. ఎందుకు మిగల్లేదు?

పూల్‌కి ఆనుకునే పంపు గది, తలుపు తీసే ఉంది. లాగుడు చూపే గేజ్ గోడకే ఉంది. దాని అద్దం మీద ఆమె వస్తూనే గోళ్ళరంగుతో ఎర్రగీత గీసి పెట్టుకుంది. సూది ఆ గీతను తాకగానే మూత తెరుచుకోవాలి, సూది వెనక్కి రావాలి. ఆమె కళ్ళు సూది మీదే ఉన్నాయి.

పంపులు అమ్మేవాళ్ళందరికీ ఒక అలవాటుంది, లాగుడు ఎంతుందో కొనేవాడి చెయ్యి పెట్టించి చూపిస్తారు. బాబాయి గొట్టం లాగి, యంత్రాన్ని లోతులేని వైపు మెట్టు మీదికి తెచ్చి, నీళ్ళలోనే వెల్లకిలా తిప్పాడు.

"చెయ్యి పెట్టి చూడండి మాస్టారూ. భయంలేదు."

మాస్టారు అరచెయ్యి ఆనించాడు. అతుక్కుపోయింది. సూది ఎర్రగీత దాటింది. ఒకటి. రెండు. వెనక్కి రాలేదు. మూడు. నాలుగు. మాస్టారు రెండో చెయ్యి కూడా వేసి లాగితే టప్పున ఊడింది. అరచేతిలో గుండ్రంగా ఎర్రటి గుర్తు.

"బాబోయ్! ఏం పట్టయ్యా ఇది!"

"మరేమనుకున్నారు? మా అమ్మాయి చేసింది!" అని బాబాయి ఒకటే నవ్వు. కొలతలక్క వైపు మాత్రం చూడలేదు. ఒక్కసారి కూడా.

అప్పుడు ఆమెకు తెలిసిపోయింది. మూత పనిచెయ్యడం లేదు. యంత్రం నిన్నంతా ఎవరింట్లో ఉందో కూడా తెలుసు.

బాబాయి దాన్ని తిప్పి మళ్ళీ నీళ్ళలో వదిలాడు. మాస్టారు లోతు వైపు నడుస్తూ ఏదో అడుగుతున్నాడు, ఇద్దరి వీపులూ ఇటే. సరిగ్గా అప్పుడే చిన్నపిల్లల బ్యాచ్ వచ్చేసింది. అరగంట ముందుగా. చెప్పులు విడిచే గోల, తువ్వాళ్ళ గోల. "ఎవరూ దిగొద్దు" అని తలుపు దగ్గర ఆయా అంటూనే ఉంది, ఒక పిల్ల మెట్ల మీదనుంచి బుడుంగున జారి నీళ్ళల్లో ఉంది. టోపీ పెట్టుకోలేదు. జడ నీళ్ళ మీద పరుచుకుంది. ఆ పిల్ల ముక్కు మూసుకుని మునిగింది, కింద పాకుతున్న నీలం తాబేలును చూడటానికి.

యంత్రం అవతలి గోడ దగ్గర మలుపు తిరిగింది. మెట్ల వైపుకి.

నేను లేచి నిలబడ్డాను, అంతే. కొలతలక్క అప్పటికే పంపు గదిలో ఉంది. ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టిన చప్పుడు గట్టుమీదికి వినిపించింది. పంపు మూలిగి ఆగింది. యంత్రం మెట్టుకి మూరెడు దూరంలో చతికిలబడింది. పిల్ల పైకి తేలి, "ఆగిపోయిందేంటి?" అంది, కాస్త అలిగినట్టు.

అందరూ పంపు గది వైపు తిరిగారు.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు.

కొలతలక్క నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. "ఫ్యూజ్ పోయుంటుంది సార్. మీ పాత లైను కదా. ఏమ్మా, ఫ్యూజే కదూ?" ఆయన కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి. దూరంలో ఉన్న నాకే తెలిసింది.

అవునని తల ఊపితే చాలు. పిల్ల క్షేమం, యంత్రం ఆగింది, బాబాయి పరువు దక్కుతుంది. ఇంటికెళ్ళి తలుపులేసుకుని ఎంత పోట్లాడుకున్నా ఎవరికీ తెలియదు.

ఆమె సంచిలోంచి జడ తీసింది. నల్లటి, మూరన్నర పొడవు జడ.

"మాస్టారూ, పిల్లలందర్నీ గోడకి నిలబెట్టండి. పంపు మళ్ళీ వేస్తాను. మీరు ఈ జడ దాని నోటి దగ్గర పెట్టండి."

పెట్టాడు. సర్రున లోపలికి పోయింది. లాగాడు. రెండు చేతులతో లాగాడు. కాలు మెట్టుకి తన్ని లాగాడు. చేతిలోకి నాలుగు వెంట్రుకలు తెగి వచ్చాయి. ఆయన మొహం పాలిపోయింది, ఆ తడిపిల్ల వైపు చూశాడు.

"ఇది ఇలా పట్టకూడదు," అందామె. "దీన్ని ఎవరో మూసేశారు." ఎవరో అంది. పేరు చెప్పలేదు. పంపు ఆపి, చక్రం వెనక్కి తిప్పి జడను ఊడదీసి, యంత్రం పిడి కింద వేలు పెట్టి చూసింది. పైపులకు పూసే జిగురు ముద్ద, నీలం రంగే కలిపి నున్నగా పూశారు. గీకడానికి ఏదైనా కావాలి. తలలో పిన్ను కోసం చెయ్యి వెళ్ళింది, పిన్ను పెట్టుకునే జుట్టే లేదు. ఆ తడిపిల్లే తన జడలోంచి ఒకటి తీసి ఇచ్చింది.

జిగురంతా గీకేసి పంపు వేశాక, రెండోసారి జడ లోపలికి పోయింది. ఒకటి. రెండు అనేలోపే బయటికి వచ్చి, నీళ్ళ మీద మెల్లగా తేలింది. తర్వాత యంత్రాన్ని మూలకి పంపింది. మూలలో పిడికెడు ఇసుక మిగిలింది, ఆమె దాచలేదు.

బాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు. మాస్టారు "మాట్లాడుకుని చెప్తాం" అన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే!" అన్నాడట బాబాయి ఆ సాయంత్రం. "అంతమందిలో..."

"నువ్వూ నాతో ఒక్క మాట చెప్పి ఉంటే బాబాయ్!" అందట ఈమె. తర్వాత పదకొండు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. పన్నెండో రోజు ఆయన తొట్టి దగ్గరికొచ్చి, జడ అందుకుని, తనే పెట్టి చూశాడు. "రెండు ఎందుకు? ఒకటికే వదిలేలా చెయ్యలేవా?" అన్నాడు, అటు తిరిగి.

ఇప్పుడు ఆ పనిలోనే ఉంది. నేను మొన్న అడిగాను, ఫ్యూజ్ అనేస్తే పోయేది కదక్కా అని. "అప్పుడు తర్వాతి పూల్ దగ్గర మళ్ళీ మూస్తారు. ఆ రోజు నేను అక్కడ ఉంటానో లేదో" అంది, స్ప్రింగు కొలుస్తూనే.

నిజం చెప్పాలంటే నేనైతే ఫ్యూజే అనేవాణ్ణి. అన్నీ సమకూర్చిన బాబాయి కళ్ళలోకి చూస్తూ, అంతమంది ముందు, ఆ జడను సంచిలోంచి తీసేవాణ్ణి కాదు. మీరైతే ఏం చేసేవాళ్ళు?