నా ఒక్కడికే మోగే సైరన్

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మంచిర్యాల బస్సు వంతెన మీద ఉండగా కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, గోదావరి మీద ఒట్టేసి మరీ చెబుతున్నాను. కండక్టరు చెయ్యి లోపల పెట్టుకోమని అరిచాడు. ఒట్టు పూర్తయ్యాకే పెట్టుకున్నాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా కాలనీలో నా మాటకున్న విలువ అలాంటిది. నా టిఫిన్ డబ్బాను గోదావరిలో మొసలి మింగిందనీ, వారం తిరక్కుండా అదే రేవులో శుభ్రంగా కడిగి పెట్టి పోయిందనీ చాయ్ హోటల్లో చెప్పినవాణ్ణి నేను. మొదటి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు బల్లల మీద నాకు చోటు ఉంచేవారు. కొత్తిమీర కట్ట కోసం పోయి వచ్చినా ఒక కథ మోసుకొచ్చేవాణ్ణి. ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మించాలని నాకూ ఉండేది కాదు.

అలాంటివాడికి ఒకరోజు నిజం చెప్పాల్సిన అవసరం పడింది. అదీ రుజువు లేని నిజం. దాన్ని ఒక్కరైనా నమ్మితే చాలని నేను పడ్డ తిప్పలే ఇవన్నీ.

నేను డ్రిల్లు ఆపరేటర్ని. మొదట్లో బొగ్గుబాయి లోపల చేతి డ్రిల్లు పట్టాను. తర్వాత నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుకు మారి పెద్ద మిషన్ ఎక్కాను. బ్లాస్టింగ్ మందు నింపడానికి బండలో బొక్కలు వేయడం నా పని. మోత తగలకుండా చెవులకు పెట్టుకొమ్మని మఫ్‌లు ఇచ్చారు. ఎండాకాలం వాటి కింద చెమట కారి దురద పెడుతుందని మెడకు తగిలించుకుని తిరిగాను. నా మెడకు మాత్రం ఇప్పటికీ ఏ జబ్బూ లేదు.

మా ఇళ్లు కమాన్‌పూర్ వైపు, ఓపెన్‌కాస్టుకు దగ్గరగా ఉంటాయి. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే మా వరుసలో వాళ్లంతా పొయ్యి తగ్గించి, కిటికీలు తెరిచి, రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. నేల ఒకసారి ఒళ్లు దులుపుకుంటుంది. దుమ్ము లేస్తుంది. అందరూ లోపలికి పోయి మిగిలిన అన్నం తింటారు. మాకిది పాలవాడు రావడం లాంటిదే.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే సైరన్ వినిపించింది. సన్నగా, దూరంగా. నేను ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చి వరుసంతా వినబడేలా కేకేశాను.

"సైరన్ అయితుంది. బయటికి రాండ్రి."

వచ్చారు. ఒకాయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురగతో వచ్చాడు. పక్కింటి అవ్వ కోడిపెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. ఎదురింటి భాయ్ చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. వర్క్‌షాపులో మెకానిక్ అతను, ఇంటి దగ్గర కూడా ఏదో ఒకటి విప్పుతూనే ఉంటాడు. అందరం నిలబడ్డాం. నేల కదల్లేదు.

"అన్న, ఏది సైరన్?" అన్నాడు భాయ్.

"గదిగో, మోగుతనే ఉన్నది గదా."

"నాకైతె లోపట వదిన నిన్ను తిట్టుడే ఇనబడుతుంది."

అవ్వ కోడిని ఇంకో చంకకు మార్చుకుంది. "నీ మొసలి ఊదిందా బిడ్డా సైరను?" అంది.

నవ్వుకుంటూ కొందరు, తిట్టుకుంటూ కొందరు లోపలికి పోయారు. సైరన్ మాత్రం ఆగలేదు. నేను రోడ్డు మధ్యన ఒక్కణ్ణే నిలబడి తల అటు తిప్పాను, ఇటు తిప్పాను. తల ఎటు తిప్పితే ఆ మోత అటు వచ్చింది. బ్లాస్టింగ్ లేకుండానే నా కాళ్ల కింద నేల కదిలింది.

అయినా మనిషికి ఆశ కదా. మోత ఇంట్లో ఎక్కడో ఉందని వెతికాను. టీవీ డబ్బా తీగ పీకాను. స్టెబిలైజర్ ఆపాను. ఫ్రిజ్ కూడా ఆపి, దాని వెనక్కి పోయి చెవి పెట్టి కూర్చున్నాను. తిరిగి పెట్టడం మరిచిపోయాను.

"నీ కథలకు పాలు గూడ ఇరిగినయి," అంది మా ఆవిడ.

"కథ కాదే. నా చెవుల ఏందో మోగుతుంది."

"ఫోను గావచ్చు. ఎత్తి మాట్లాడు."

మర్నాడు హోటల్లో చెప్పాను. చాయ్ గ్లాసులు పట్టుకుని అందరూ ముందుకు వంగారు. ఆగని సైరన్ అన్నాను. పండుకున్నా, లేచినా, డ్యూటీలో ఉన్నా మోగుతుందన్నాను. భాయ్ తొడ మీద చరిచాడు.

"ఇది మంచిగున్నదన్న. మొసలి కంటె మంచిగున్నది. ముంగట ఏమైతదో జల్ది చెప్పు."

వాళ్లు కథ చివర కోసం నా మొహంలోకి చూస్తున్నారు. నా దగ్గర చివర లేదు. దీనికసలు చివర ఉంటుందో లేదో నాకే తెలియదు. అదే నా భయం. ఈ మోత నేను పోయేదాకా మోగుతుంది, ఇది మోగిందన్న సంగతి నాతో పాటే పోతుంది అనిపించింది. చాయ్ సగంలో వదిలేసి లేచాను. "ఇయ్యాల అన్నకు దిమాక్ మంచిగ లేదు," అని ఎవరో అనడం వినబడింది. అలాంటివి మాత్రం బాగానే వినబడతాయి.

హోటల్‌కు పోవడం మానేశాను. నిద్ర ముక్కలైంది. చెంచా కింద పడ్డా చిరాకు, టీవీ పెట్టినా చిరాకు, ఆపితే అంతకంటే ఎక్కువ చిరాకు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే సైరన్ అంత పెద్దదయ్యేది. డ్యూటీ నుంచి వచ్చి, తిని, గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి.

మా ఆవిడ అడిగేది. "దారిల ఏం కాలేదా ఇయ్యాల?"

"ఏం కాలే."

"ఎవరన్న కలిసిన్రా?"

"లేదు."

ఒక మధ్యాహ్నం ఆమె చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. తీస్తూ తీస్తూ ఆపేసింది.

"నువ్వు అబద్ధమాడక ఎన్ని దినాలాయె, ఎరుకేనా?"

నేను ఒక గింజ తీసి పక్కన పెట్టాను.

"జరమొచ్చినా ఆడినవు. మా నాయిన దినాలకాడ గూడ ఆడినవు. గిప్పుడేమో కూరగాయలకు పోయినన్నవు, వచ్చినన్నవు. గంతే. నాకు ఫికరయితుంది." చేతులు కొంగుకు తుడుచుకుంది. "నిజంగనే మోగుతుందా?"

"మోగుతుంది."

"ఎట్ల?"

జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పాను. కుక్కర్ కూత కాదు. ఈల కాదు. దూరంగా సైరన్ ఊది ఆపడం మరిచిపోయినట్టు. రెండు చెవుల్లోనూ ఉంది, ఎడమ చెవిలో ఎక్కువ.

ఆమె లేచి ఫ్యాన్ ఆపింది. తలుపు వేసింది. నా పక్కన కూర్చుని తన చెవిని నా ఎడమ చెవికి ఆనించింది. ఆమె కమ్మ నా దవడకు గుచ్చుకుంది. చేతుల నుంచి చింతపండు వాసన వస్తోంది. ఊపిరి బిగబట్టి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తల ఎత్తి అంది.

"ఇనబడుతుంది. సన్నగ, దూరంగ. సైరనే."

నా కళ్లు నిండాయి. చింతపండు ఘాటని చెప్పాను.

ఆ వారంలోనే నన్ను బస్సెక్కించి మంచిర్యాలలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ముందు పరీక్ష చేశారు. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడ్డప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. మిషన్ దగ్గర ఒక అమ్మాయి కూర్చుంది. మా ఆవిడ ఆమె పక్కన నిలబడింది. నేను చెయ్యెత్తాను, దించాను, ఎత్తాను. ఆ అమ్మాయి తలుపు తీసింది.

"సార్, నేను శబ్దం ఇయ్యకముందే చెయ్యెత్తుతున్నరు."

"నాకేమెరుకమ్మా. ఏది నీదో, ఏది నాదో."

ఆ అమ్మాయి నవ్వాలా వద్దా అని చూస్తుంటే మా ఆవిడ కలగజేసుకుంది. "ఆయన చెవుల ఇంకోటి మోగుతుంది బిడ్డా. తమాషా చేస్తలేడు. నీది జర వేరే తీరుగ పెట్టు."

నా తరఫున ఆమె సాక్ష్యం చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ అమ్మాయి మిషన్‌లో శబ్దాన్ని కూతలా కాకుండా ఆగి ఆగి వచ్చేలా మార్చింది. అప్పుడు తేడా తెలిసింది.

డాక్టరమ్మ కాగితం చూసి, చెవుల్లోకి లైటు వేసి చూసి, నాతో మామూలుగా మాట్లాడింది. ఏళ్ల తరబడి పెద్ద మోతల దగ్గర ఉండడంతో సన్నటి శబ్దాలు పట్టుకునే శక్తి కొంత తగ్గిందట. చెవి నుంచి రావాల్సిన శబ్దం రాకపోయేసరికి మెదడు తానే ఆ చోట ఒక శబ్దాన్ని పెట్టుకుంటుందట.

"ఎప్పుడు బందయితది డాక్టరమ్మా?" అంది మా ఆవిడ.

"బంద్ చేసే మందు లేదమ్మా. ఉందని ఎవరన్నా అమ్మితే కొనకండి. కానీ ఇప్పుడున్నంత బాధ ఉండదు. చాలామందికి మెల్లగా అలవాటవుతుంది, దాని మీద ధ్యాస తగ్గుతుంది. మీరు మాత్రం దాన్ని వెతకడం మానాలి. పూర్తి నిశ్శబ్దంలో కూర్చోకండి, పక్కన ఏదో ఒక చిన్న శబ్దం ఉండనివ్వండి. ఇక డ్యూటీలో ఆ మఫ్‌లు చెవులకు పెట్టుకోవాలి. మెడకు కాదు."

మెడ సంగతి ఆమెకు చెప్పిందెవరో నేను అడగలేదు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కాలనీకి తిరిగి రాగానే భాయ్ ఎదురొచ్చాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు చెప్తె నమ్మ. వదినా, నువ్వు చెప్పు."

"ఉన్నది," అంది ఆమె. "నాకెరుక."

"అయితె ఉన్నట్టె," అన్నాడు. పక్కన చిన్న శబ్దం ఉండాలని డాక్టరమ్మ చెప్పిందనగానే తన షెడ్డులోకి పోయి పాత టేబుల్ ఫ్యాన్ ఒకటి పట్టుకొచ్చాడు. గాలి తక్కువ, గలగల ఎక్కువ. దాన్ని నా మంచం పక్కన పెట్టి, జాలీ స్క్రూ పట్టుకుని కూర్చున్నాడు.

"గిట్లనా?"

"ఎక్కువైంది."

"గిప్పుడు?"

"జర తగ్గించు. సైరన్ మునుగొద్దు, పక్కన కూసున్నట్టుండాలె."

స్క్రూ కింద గుడ్డపీలిక పెట్టాడు, తీశాడు, సైకిల్ ట్యూబు ముక్క పెట్టాడు. ఇంజన్ సౌండు సెట్ చేసినంత శ్రద్ధగా చేశాడు. చివరికి వాగులో నీళ్లు రాళ్ల మీది నుంచి పోతున్నట్టు ఒక మోత కుదిరింది. నేను తలూపాను. "ఖుదా కసం, నా జిందగీల ఫ్యాను ఖరాబు చేసుటానికి గింత మెహనత్ చెయ్యలేదన్న," అన్నాడు భాయ్.

ఆ ఫ్యాన్ పక్కన నిద్ర మెల్లమెల్లగా అతుక్కుంది. ఒక్కరోజులో కాదు. జలుబు చేసినా, ఇంట్లో మాటా మాటా అనుకున్నా సైరన్ ఇప్పటికీ పెద్దదవుతుంది. కొన్ని పొద్దులు లేవగానే అదే ముందు పలకరిస్తుంది. మొదట్లో గంట గంటకూ ఉందా లేదా అని చూసుకునేవాణ్ణి. చూసినప్పుడల్లా ఉండేది. ఇప్పుడు చూడటం తగ్గింది.

హోటల్‌కు మళ్లీ పోవడం మొదలుపెట్టాను. మొదటి రోజే, ఓపెన్‌కాస్టు గుంతలో తప్పిపోయిన అడవిపంది డంపర్ ఎక్కి పైకి వచ్చిన సంగతి చెబుతున్నాను. పంది డ్రైవరు పక్క సీట్లో కూర్చుని దారి చూపించే చోటికి వచ్చేసరికి ఒక విషయం తట్టింది. ఇంతసేపూ సైరన్ లేదు. లేదని గమనించగానే వచ్చేసింది. అయినా అంతసేపు లేకుండా పోయిన మాట నిజమే కదా. అప్పటినుంచి కథ ఇంకాస్త సాగదీస్తున్నాను. వినేవాళ్లకు కష్టమే, కానీ నాకిది వైద్యం.

నా చెవి సంగతి కూడా దాచకుండా చెబుతున్నాను. ఆమధ్య చుట్టాల పెళ్లికి బెల్లంపల్లి పోయినప్పుడు అక్కడా చెప్పాను. బాయిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నవ్వకుండా విన్నాడు. భోజనాల బంతి లేచాక నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"నాకు కీచురాళ్లు మోగుతయి బిడ్డా. డ్యూటీల ఉన్నప్పటి సంది."

"ఎవరికన్న చెప్పినవా కాకా?"

"పిచ్చోడంటరని చెప్పలె. నువ్వు కథలు చెప్పెటోనివి గావట్టి నీకు ధైర్యం వచ్చింది."

నా అబద్ధాలు ఒకరికి పనికొచ్చిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. మంచిర్యాల డాక్టరమ్మ అడ్రసు చెప్పి, ఫ్యాన్ సంగతి, స్క్రూ సంగతి కూడా చెప్పాను. ఆయన పోయి వచ్చాడట. ఇప్పుడు మధ్యాహ్నాలు ఫోన్ చేసి, "ఎట్లుంది నీ సైరను?" అని అడుగుతాడు. "ఎట్లున్నయి నీ కీచురాళ్లు?" అని నేనడుగుతాను. వాతావరణం గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటాం. ఇద్దరం పెద్దగా మాట్లాడతాం. ఫోన్లు అవసరం లేదని మా ఇంట్లోవాళ్లూ వాళ్లింట్లోవాళ్లూ అంటారు.

అంతా నిజమేనన్నాను. ఒక్కచోట తప్ప. సబ్బు నురగ నిజం. చంకలో కోడి నిజం. కల్పించింది మధ్యలో ఉంది.

మా ఆవిడకు నా సైరన్ వినబడలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఫ్యాన్ ఆపింది, తలుపు వేసింది, చెవి ఆనించింది. చాలాసేపు ఉంది. తర్వాత తల ఎత్తి, "నాకేం ఇనబడుతలేదయ్యా," అంది. నేను తల దించుకున్నాను. "ఉన్నదంటున్నవు గదా, ఉంటది. అంగీలు ఉతికి పెడ్త, మంచిర్యాల దవాఖానకు పోదాం," అని మళ్లీ చింతపండు దగ్గర కూర్చుంది.

ఎవరికి చెప్పినా దీన్ని మార్చే చెబుతాను. ఆమెకు వినబడిందంటే అందరూ నమ్ముతున్నారు. ఏమీ వినబడకుండానే నమ్మిందంటే మాత్రం, "నీ కథలు ఆపవయ్యా" అంటున్నారు.