మూయని పేజీలు

ఆ వీధిలో పాత కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయనను అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటారు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు, యంత్రాన్ని మాత్రం వెంటనే ముట్టుకోరు. రోగం కన్నా ముందు రోగి అలవాటు తెలియాలంటారు. నాడి పట్టుకునే తొందరలో మనిషి ముఖం చూడని వైద్యులు లోకంలో ఎందరు లేరు! ఆనాడు, వీధివాళ్ళంతా దర్జీ అత్తయ్య అని పిలిచే ఆవిడ ఇంట్లో బ్రౌజరు తెరిచిన నిమిషానికే మూసుకుపోతోంది. ఆసుపత్రి దుస్తులు కుట్టే పనికి దరఖాస్తు పంపడానికి సాయంత్రం అయిదే గడువు; నాలుగు దాటింది. "రోజూ ఎలా తెరుస్తారో అలాగే తెరవండమ్మా" అన్నారాయన. ఆమె తెరిచింది. తెర పై అంచున లెక్కలేనన్ని పేజీలు కిక్కిరిసి కనిపించి, అంతలోనే అన్నీ మాయమయ్యాయి.

"ఇన్నా! ఒక్కటీ మూయరా?"

"మూస్తే మళ్ళీ దొరకొద్దూ?"

ఒక్క మీటతో అన్నిటినీ తుడిచేయవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. నెట్ తీగ పీకి మళ్ళీ తెరిపించారు. నెట్ లేక పేజీల్లో పేర్లు తప్ప ఏమీ రాలేదు; బరువు తగ్గిన బ్రౌజరు ఈసారి నిలబడింది. ఆమె ఒక్కో పేజీ పేరు చదువుతుంటే పెన్సిలుతో పుస్తకంలో రాసిపెట్టి, ఆ తరువాతే మూశారు. జాకెట్టు మెడలు, కాజాలు, గుండీలు; ఆపైన వరుసగా పదకొండు పేజీలు, 'బ్రౌజరు ఎందుకు ఆగిపోతుంది?' అని.

"అక్కర్లేని పేజీలు మూసేయమని వీటిలోనే ఉంటుంది కదమ్మా. చదవలేదా?"

"చదివాను. ఏది అక్కర్లేదో వాళ్ళు రాయలేదుగా!"

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. తీగ మళ్ళీ తగిలించాక ఆమె దరఖాస్తు పంపింది; అయిదుకు ఇంకా ఏడు నిమిషాలుండగా 'మీ దరఖాస్తు అందింది' అన్న పేజీ వచ్చింది. అలవాటుగా దానిని మూయబోయిన ఆయన ఆమె ముఖం చూసి, చెయ్యి మళ్ళీ వెనక్కి కట్టుకున్నారు.